సాక్షి చేత ప్రమాణం చేయించడమైనది

రెండు వేల ఆరు ఎండాకాలమంతా షార్జాలోని మా ఒంటిగది ఫ్లాట్‌లో ఒక జర్మన్ జడ్జి గారు మాతోపాటు కాపురమున్నారు. ఆయన చనిపోయి నూరేళ్లు దాటిపోయింది. అయినా రోజూ అన్నాల వేళకి తప్పకుండా వచ్చేవారు. వెంటబెట్టుకొచ్చేది నేనే కాబట్టి, ఆ తర్వాత జరిగినదాంట్లో నా వాటా ఎంతో నాకిప్పటికీ తేలలేదు.

నేను నర్సుని. మా క్లినిక్ వాళ్లు నన్ను రోగుల ఇళ్లకి పంపేవారు. ఆ మే నెలలో వెర్నర్ గారనే డెబ్బై ఎనిమిదేళ్ల పెద్దాయన దగ్గర వేశారు. ఆయన కొడుకు ఇక్కడ సిమెంటు ఫ్యాక్టరీలో ఇంజినీరు. కొడుకుని చూసిపోదామని జర్మనీ నుంచి వచ్చి, మూడో రోజునే స్నానాల గదిలో జారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆపరేషనైతే అయింది గానీ విమానమెక్కడానికి నెలలు పడుతుందన్నారు. బయట నలభై ఆరు డిగ్రీలు. కొడుకు పొద్దున్నే పనికి పోతే ఆయనకి తోడు నేనూ, ఒక అట్టపెట్టె నిండా పాత కాయితాలూ.

కాలు ఎత్తే వ్యాయామమంటే ఆయనకి చచ్చేంత బద్ధకం. ఆ కాయితాల గురించి అడిగితే మాత్రం మొహం వెలిగిపోయేది. అందుకని నేనొక బేరం పెట్టాను. కాలు పదిసార్లు ఎత్తితే ఒక పేజీ వింటాను. పెద్దాయన నన్ను మించినవాడు, పదిహేనుసార్లు ఎత్తి పేజీన్నర వినిపించేవారు. జర్మన్‌లో ఉన్నదాన్ని అప్పటికప్పుడు ఇంగ్లిష్‌లోకి మార్చి చెప్పేవారు. అవన్నీ ఆయన ముత్తాత గారి కాయితాలు. ఆ ముత్తాత పేరు లుడ్విగ్. జడ్జిగా చేసి, పెద్ద కోర్టు దాకా వెళ్లారు. ఈయన ఆ జీవితాన్ని పుస్తకంగా రాస్తున్నారు.

"పుట్టినప్పుడు లుడ్విగ్ కాదు, లేవి," అన్నారొకరోజు. "యూదుల ఇంట్లో పుట్టాడు. తండ్రి బట్టల వర్తకుడు. లా పరీక్షలో అందరికంటే ముందున్నాడు. అయినా తొమ్మిదేళ్లు కోర్టులో జీతం లేకుండా పనిచేశాడు. యూదుడికి జడ్జి ఉద్యోగం ఇచ్చేవారు కాదు."

"మరెలా అయ్యారు?"

"ఒక మంగళవారం చర్చికి వెళ్లి బాప్తిస్మం తీసుకున్నాడు. రెండు నెలలు తిరక్కుండా జడ్జి అయ్యాడు."

"ఏ చర్చండీ?"

"లూథరన్."

నేను పట్టుకున్న కాలు వదిలేశాను. "మేమూ లూథరనే!" అన్నాను. గోదావరి జిల్లాలో మా పేటకీ, ఈ జర్మనీ జడ్జికీ ఒకే సంఘమని తెలిశాక ఆయన మా ఊరివాడే అనిపించింది.

వెర్నర్ గారు తెగ సంబరపడ్డారు. "ఆయన జడ్జి కావడానికి వెళ్లాడు. మీ వాళ్లు ఏం కావడానికి వెళ్లారు?" అని అడిగారు.

ఆ ప్రశ్న నన్ను అంతకుముందు ఎవరూ అడగలేదు. "బళ్లో లోపల కూర్చోనిస్తారని వెళ్లారని మా తాత చెప్పేవాడు," అన్నాను. ఆయన ఆ మాట కూడా నోట్‌బుక్‌లో రాసుకున్నారు.

ఆ సాయంత్రం జడ్జి గారు మొదటిసారి మా ఇంటికి వచ్చారు. మా ఆయన శాంతరాజు చేపల పులుసు కలుపుకుంటూ అంతా విన్నాడు. "మంగళవారమా! తెలివైనవాడు. ఆదివారమైతే జనం చూస్తారు," అన్నాడు. తర్వాత నవ్వలేదు. "వాళ్ల నాన్న ఏమన్నాడంట?"

"ఏడు రోజులు నేల మీద కూర్చున్నాడంట. వాళ్లలో ఎవరైనా చచ్చిపోతే అలా కూర్చుంటారంట."

శాంతరాజు పులుసు ముక్కని కంచం అంచుకి తోసేసి చెయ్యి కడుక్కున్నాడు.

మా ఆయన గురించి చెప్పాలి. లా చదివాడు. తణుకు కోర్టులో నాలుగేళ్లు నల్ల కోటేసుకుని తిరిగాడు. మా అమ్మాయి ఫేబా కడుపున పడ్డాక నాతోపాటు షార్జా వచ్చి, ఇక్కడ ఒక లాయర్ల ఆఫీసులో ఫైళ్లు మోసే పనికి కుదిరాడు. అడిగినవాళ్లకి "లీగల్ ఫీల్డులో ఉన్నాను" అని చెప్పేవాడు, నేను నవ్వితే కోపం. జడ్జి కావాలన్నది అతనికి చిన్నప్పటి కోరిక. నల్ల కోటు ఇస్త్రీ చేయించి మరీ షార్జా తెచ్చుకున్నాడు. ఏసీ గాలికి ఆ కోటు అయిదేళ్లుగా తలుపు వెనక మేకుకి ఊగుతోంది.

జూన్‌లో నోటిఫికేషన్ పడింది. మన రాష్ట్రంలో జూనియర్ సివిల్ జడ్జి పోస్టులు. శాంతరాజుకి అప్పుడు ముప్పై తొమ్మిది. ఇది దాటితే వయసు అడ్డం వస్తుంది, ఇంకో అవకాశం లేదు.

చిక్కల్లా కులం కాయితం దగ్గర వచ్చింది. మాది మాల కులం, తాతల నాటి నుంచీ క్రైస్తవులం. ప్రభుత్వం దృష్టిలో మాల హిందువైతే ఎస్సీ, మాల క్రైస్తవుడైతే బీసీ. మనిషి అదే, పేట అదే, పడే మాటా అదే. కాయితం ఒక్కటే వేరు. ఆ ఏడు మా బీసీ కోటాలో పోస్టే లేదు. ఎస్సీలో ఉన్నాయి. మా వాళ్లలో చాలామందికి అందుకే రెండు పేర్లుంటాయి. మా ఆయన బళ్లో శాంతరాజు, చర్చిలో సామ్యేలు. బడి కాయితాల్లో హిందూ అనే ఉంది. కానీ ఈసారి పాత సర్టిఫికెట్ చెల్లదన్నారు. ఎమ్మార్వో ఆఫీసు నుంచి ఆర్ఐ ఊరొచ్చి, ఇంట్లో పెద్దని విచారించి రాసుకుంటేనే కొత్తది ఇస్తారట.

ఆ పెద్ద మా మామయ్య. ఊళ్లో ఆయన సంఘ పెద్ద. చర్చి గంట ముప్పై ఏళ్లుగా ఆయన చేతిదే.

దరఖాస్తు టైపు చేయించడానికి నైఫ్ అనే బజారులో నబీ రసూల్ అన్న టైపింగు దుకాణానికి వెళ్లాం. కడప మనిషి. మా వీసాలకీ, ఫేబా పుట్టినప్పటి కాయితాలకీ ఆయనే టైపు చేశాడు. ఇక్కడ ప్రతి ఫారంలోనూ మతం గడి ఉంటుంది. మా ఆయన జీవితంలో ఆ గడిలో మొదటిసారి క్రైస్తవుడని రాయించింది ఈ దుకాణంలోనే. ఆ రోజు బయటికొచ్చి ఇద్దరికీ షవర్మా కొనిపెట్టాడు కూడాను.

"ఏమన్నా, ఊర్లో ఒకటి, ఈడ ఒకటా? ఖలాస్, ఏదో ఒకటి గట్టిగా చెప్పన్నా, నా కంప్యూటర్ బేజారైతాండాది," అన్నాడు నబీ రసూల్ నవ్వుతూనే.

శాంతరాజు కంప్యూటర్ తెరకేసి చూస్తూ నిలబడ్డాడు. "హిందూ అని కొట్టండి అన్నా," అన్నది నేను. ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. జడ్జి గారి భార్య అనిపించుకోవాలని నాకు మాత్రం ఉండదా? దేవుడికి అన్నీ తెలుసు, గడిలో ఏం రాశామో చూసి మనుషుల్ని పోల్చుకునేంత తెలివితక్కువవాడు కాదని మనసుకి సర్దిచెప్పుకున్నాను.

శుక్రవారం ఆరాధన అయ్యాక మామయ్యకి ఫోన్ చేశాం. గల్ఫ్‌లో మాకు ఆరాధన శుక్రవారమే, ఆదివారం డ్యూటీలుంటాయి. ఫేబా అయితే లోకమంతా ఇంతే అనుకునేది. చర్చి ఆవరణలో నీడ వెతుక్కుని, ఫోను ఇద్దరికీ వినపడేలా పెట్టాం.

"నాన్నా, ఆర్ఐ గారు వస్తారు. మేం హిందువులమే, చర్చికి వెళ్లమని చెప్పి ఒక్క సంతకం పెడితే చాలు," అన్నాడు శాంతరాజు, చర్చి గోడకి వీపు ఆనించి.

అవతల మామయ్య గొంతు సవరించుకున్నారు. "నన్నే అడుగుతారేట్రా? మీ అమ్మనడగరా?"

"పెద్దవాడివి నువ్వే కదా నాన్నా."

"అవున్లే." మళ్లీ, "ఆర్ఐ గారికి నేను తెలుసురా. ఆయన కూతురి పెళ్లినాడు మన చర్చి బెంచీలు నేనే మోయించాను," అన్నారు.

"తెలిసినా పర్లేదు నాన్నా. ఆయన మనవైపే. రాసుకోవడానికి నీ నోటి మాట కావాలి, అంతే."

"ఇష్టం లేకపోతే వద్దులెండి మామయ్యా," అనాల్సింది నేను. అనలేదు. "ఒక్క మాటే కదా మామయ్యా, మీ అబ్బాయి జడ్జి అవుతాడు," అన్నాను.

"చూద్దాంలేమ్మా. పాపకి జలుబు తగ్గిందా?" అన్నారు.

వెర్నర్ గారు జూలైకి కర్ర పట్టుకుని నడిచే దశకొచ్చారు. వరండా చివరిదాకా నడిస్తే రెండు పేజీలు. ఆ రోజు మాత్రం నడక మధ్యలోనే ఆగి చెప్పడం మొదలుపెట్టారు.

"ఆ రోజుల్లో యూదుల మాట కోర్టు నమ్మేది కాదు. యూదు సాక్షి వస్తే వాళ్లకి వేరే ప్రమాణం ఉండేది. చాలా పొడుగు. అబద్ధమాడితే తగిలే శాపాలన్నీ జడ్జి ఒక్కొక్కటే చదవాలి, సాక్షి తిరిగి చెప్పాలి. పరువున్నవాడెవడూ మర్చిపోలేని అవమానం అది. మా ముత్తాత జడ్జి అయిన ఆరో ఏట, ఏదో బట్టల మూటల తగాదాలో ఒక సాక్షి వచ్చాడు. ఆ సాక్షి ఆయన తండ్రి."

నా చేతుల్లో ఆయన భుజం బరువుగా ఆనుకుంది. "చదివించారా?"

"కోర్టు రికార్డు నా దగ్గరుంది. అందులో ఒక్క వాక్యం. సాక్షి చేత ప్రమాణం చేయించడమైనది. అంతే."

"ఏ ప్రమాణం? ఆ పొడుగుదా, మామూలుదా?"

"రాయలేదు."

"తర్వాత తండ్రి ఏమన్నాడు?"

"తెలియదు."

నాకు ఒళ్లు మండింది. "తెలియనిది నాకెందుకు చెప్పారండీ?" అన్నాను. రోగితో అలా మాట్లాడకూడదు. ఆయన కోప్పడలేదు. కుర్చీలో కూర్చోబెట్టాక ఇంకో మాట చెప్పారు. ఆ జడ్జి పోయిన యాభై ఏళ్లకి వేరే ప్రభుత్వం వచ్చిందట. తాతముత్తాతల కాయితాలన్నీ తెమ్మన్నదట. ఆ మంగళవారం బాప్తిస్మం లెక్కలోకి రాదని, మీరు యూదులేనని వెర్నర్ గారి నాన్నని ఉద్యోగంలోంచి తీసేసిందట.

"అయితే ఆయన అంత చేసింది దేనికండీ?"

"అది రాద్దామనే కూర్చున్నాను. మూడేళ్లయింది," అన్నారు పెద్దాయన.

ఇంటికొచ్చి ఇదంతా చెబితే శాంతరాజు ముందు లాయరులా మాట్లాడాడు. "తండ్రి కక్షిదారైతే కేసు వేరే జడ్జికి పంపాలి. ఉత్త సాక్షేగా, వినొచ్చు." అన్నం తింటూ మధ్యలో ఆగి అడిగాడు. "సాక్ష్యం అయ్యాక ఆ పెద్దాయన ఇంటికెళ్లి ఉంటాడు కదా. ఎలా వెళ్లాడో?"

"తెలీదంట."

"తెలీకపోవడమేంటే? రేపు సరిగ్గా అడుగు," అని విసుక్కున్నాడు. నూట యాభై ఏళ్ల కిందటి ముసలాయన ఇంటికి ఎలా వెళ్లాడో చెప్పలేదని నా మీద చిరాకు పడే మొగుణ్ణి నేనెక్కడా చూడలేదు. నిజానికి నా పరిస్థితీ అంతే. ఆ జడ్జిని తిట్టుకోవాలో జాలిపడాలో తెలిసేది కాదు. బస్సులో కూర్చుని లేవి తప్పు చేశాడనుకునేదాన్ని. దిగేసరికి పాపం ఇంకేం చేస్తాడు అనుకునేదాన్ని. మళ్లీ మెట్లెక్కేటప్పుడు మామయ్య గుర్తొచ్చేవారు.

జూలై చివర్లో ఒక మధ్యాహ్నం ఊరి నుంచి మిస్డ్ కాల్ వచ్చింది. ఆ మధ్యాహ్నం ఇద్దరం ఇంట్లోనే ఉన్నాం. తిరిగి చేశాం.

"అయిపోయిందిరా," అన్నారు మామయ్య. "నిన్న ఆర్ఐ గారొచ్చారు. పంచాయతీ సెక్రటరీ గారు కూడా ఉన్నారు. మీ అమ్మ గోడ మీద బైబిలు వాక్యం గడియారం తీసి బియ్యం డబ్బాలో పెట్టింది. వాళ్లు అడిగారు, నేను చెప్పాను. సంతకం పెట్టేశాను. సర్టిఫికెట్టు వారంలో ఇస్తారంట. మళ్లీ మనవాళ్లెవరైనా చర్చిలో కనపడ్డారని ఎవరైనా ఫిర్యాదు కాయితం పెడితే మాత్రం రద్దు చేస్తారంట. జాగ్రత్తగా ఉండమన్నారు."

"మంచిది నాన్నా," అన్నాడు శాంతరాజు.

"గంట గది తాళం పాస్టరు గారికిచ్చేశాను," అన్నారు ఆయన, అదేదో చిన్న విషయమన్నట్టు. "ఆయ్, చర్చికి ఎదురుగా సెక్రటరీ గారిల్లేగా, చూస్తారు. అయినా సంతకం పెట్టిన చేత్తో కొడితే బాగోదు. ఆదివారం పూట ఖాళీగానే ఉంటాన్లే. మీ అమ్మకి కూరగాయలు తరిగిపెడతాను."

ఫోన్ పెట్టేశాక శాంతరాజు మంచం దిగి చాలాసేపు నేల మీదే కూర్చున్నాడు. ఫేబా వెళ్లి అతని వీపు మీదెక్కి గుర్రమాట ఆడమంది. అతను కదల్లేదు. నేను వంటింట్లోకెళ్లి ఏడ్చాను. పని జరిగిందన్న ఆనందమో, చెయ్యకూడనిది చేయించామన్న భయమో ఆ ఏడుపులో ఏది ఎంతో విడదీయలేకపోయాను.

ఆగస్టులో శాంతరాజు సెలవు పెట్టి బయలుదేరాడు. సర్టిఫికెట్ తీసుకుని, దరఖాస్తు తనే హైదరాబాద్ వెళ్లి హైకోర్టులో ఇచ్చి రావాలని. పెట్టె సర్దుతుంటే తలుపు వెనకనుంచి నల్ల కోటు తీసిచ్చాడు. "పరీక్షకింకా టైముంది కదండీ, ఇప్పుడెందుకు?" అంటే, "ఉండనీ," అన్నాడు. ఎయిర్‌పోర్టులో లోపలికి వెళ్లబోతూ వెనక్కి తిరిగి, "అడిగావా?" అన్నాడు. ఏం అడగాలో నాకు తెలుసు, ఆ తండ్రి ఇంటికెలా వెళ్లాడని. లేదని తలూపాను.

అతను శనివారం ఊరు చేరాడు. సర్టిఫికెట్ చేతికొచ్చిందని, సోమవారం హైదరాబాద్ వెళతానని చెప్పాడు. మాట పొడిగా ఉంది. ప్రయాణం అలసటనుకున్నాను.

మర్నాడు ఆదివారం. నేను డ్యూటీలో ఉన్నాను. పొద్దున్న ఎనిమిదింటికి వెర్నర్ గారికి బీపీ చూస్తుంటే ఊరి నుంచి మిస్డ్ కాల్ వచ్చింది. మా ఎనిమిది అంటే అక్కడ తొమ్మిదిన్నర. చర్చి మొదటి గంట వేళ. ఫేబాకి ఏమైనా అయిందా అనుకున్నాను, ఫేబా ఊళ్లో లేదు, ఇక్కడే నా దగ్గరే కదా అని గుర్తొచ్చింది. అంత గాభరాపడ్డాను. వెర్నర్ గారే "చేసుకో, చేసుకో," అన్నారు.

మామయ్య ఎత్తారు. ఆయన మాట కంటే ముందు గంట వినపడింది. ఆగకుండా, అడ్డదిడ్డంగా మోగుతోంది.

"ఎవరు మామయ్యా కొడుతున్నది?"

"ఎవరేటమ్మా, మీ ఆయనే! పొద్దున్నే పాస్టరు గారింటికెళ్లి తాళం తెచ్చుకున్నాడు. నల్ల కోటు కూడా ఏసుకున్నాడు. ఊరంతా రోడ్డు మీదకొచ్చి చూస్తన్నారు."

"సెక్రటరీ గారు?"

"అరుగు మీదున్నారు. పళ్లు తోముకుంటా, పుల్ల నోట్లోనే పెట్టుకుని నిలబడిపోయారు."

వెర్నర్ గారి మంచం అంచున కూర్చున్నాను. "మరి సర్టిఫికెట్టు?"

"నా జేబులో పెట్టాడు. రేపు నువ్వే తీసుకెళ్లి ఇచ్చెయ్ నాన్నా వాళ్లకి, అబద్ధం నాదని చెప్పు, అన్నాడు. వద్దురా అని గెడ్డం పట్టుకున్నానమ్మా. వినలేదు."

ఏమనాలి నేను? అతని చిన్నప్పటి కోరిక ఆ గంటతో పోయిందని తెలుస్తూనే ఉంది. పిచ్చిమనిషీ, ఎంత పని చేశావని అరవాలనిపించింది. ఆ క్షణంలో అతను ఎదురుగా ఉంటే కొట్టేదాన్నో, కాళ్లమీద పడేదాన్నో నాకే తెలియదు. కళ్లనీళ్లు కారుతున్నాయి, నవ్వు కూడా వస్తోంది. వెర్నర్ గారు బీపీ పట్టీ చేతికి అలాగే ఉంచుకుని ముందుకి వంగి వింటున్నారు.

"ఏమిటది?" అని మెల్లగా అడిగారు.

"మా ఊరి చర్చి గంటండీ. మా ఆయన కొడుతున్నాడు."

"మీ మామగారు?"

"పక్కనే ఉన్నారు."

వెర్నర్ గారు దిండు పక్కనున్న నోట్‌బుక్ తీసుకున్నారు గానీ తెరవలేదు.

అవతల మామయ్య నాతో మాట్లాడటం మానేసి గొణుక్కుంటున్నారు. తర్వాత విసుగ్గా అన్నారు. "అలా కాదమ్మా కొట్టడం. మూడు కొట్టి ఆగాలి. ఆగి మళ్లీ మూడు. వీడేటి, ఇల్లంటుకున్నట్టు ఒకటే వాయింపుడు! లా చదివితే సరా? ఉండమ్మా, నే వెళ్లి కొట్టి చూపిస్తాను."

ఫోన్ ఆపడం మర్చిపోయారు. ఆయన చెప్పుల చప్పుడు దూరమైంది. ఎవరో నవ్వారు. గంట ఆగింది.

తర్వాత మూడు మోగాయి. కాసేపాగి, మళ్లీ మూడు.